ముద్దక్క, మొదటి వరస తల్లీకూతుళ్లు

“కోతులంటే నాకు ప్రేమని నీకెవరు చెప్పారయ్యా? రాసే ముందు నన్నొక మాట అడగొద్దూ? కొట్టెయ్ ఆ ముక్క. ఇరవై తొమ్మిదేళ్లు వాటి పెంట ఎత్తాను నేను. ప్రేమ ఉన్నవాళ్లు ఇరవై తొమ్మిది రోజులు కూడా ఎత్తలేరు. అలాంటివాళ్లు చాలామంది వచ్చారు. ‘అయ్యో, బుజ్జిముండ’ అని చెయ్యి చాపుతారు, వేలు కొరికించుకుంటారు, ఏడ్చుకుంటూ పోతారు. నావి చూడు, పదీ ఉన్నాయి.”

వదిన పదివేళ్లూ మరిది మొహం ముందు ఆడించింది. మరిది ఓపిగ్గా లెక్కపెట్టాడు. పదీ ఉన్నాయి గానీ ఎడమ చిటికెనవేలికి గోరు లేదు.

“అది కోతి పని కాదులే. తలుపు సందులో పడింది. తలుపుక్కూడా నా మీద ప్రేమని రాసుకో.”

మరిది నవ్వి, రాసిన వాక్యం కొట్టేశాడు. గడియారాలు బాగుచేసుకుని బతికే మనిషి. ఎవరైనా తమ పని గురించి చెబుతుంటే గంటలకొద్దీ వింటాడు, ఇంటికెళ్లి నోటుపుస్తకంలో రాసుకుంటాడు. వారం సెలవునాడు అన్నగారింటికి వచ్చి, వెనకవైపు వసారాలో ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. వదిన కాపురానికి వచ్చిన కొత్తలో అతను చొక్కా చేతికి ముక్కు తుడుచుకునే వయసువాడు. అందుకే అతన్ని ఎంత మాటన్నా అనే హక్కు తనకుందని ఆవిడ నమ్మకం. అతను కూడా కాదనడు.

ఆవిడ పనిచేసే పరిశోధనశాలలో అందరూ ఆవిణ్ని ముద్దక్క అంటారు. నలభై ఎనిమిది కోతులకు రోజూ పొద్దున్నే మేతపొడిలో నీళ్లు పోసి పిసికి, ముద్దలు చేసి, గూటి గూటికీ అందించడం ఆవిడ పని. అసలు పేరు హాజరుపట్టీలో ఉంది. ఆ పేరుతో పిలిస్తే ఆవిడే వెనక్కి తిరిగి ఎవర్నా అని చూస్తుంది.

కోతులుండేది పొడుగాటి, పొట్టి కప్పు కట్టడంలో. నాలుగు వరసలు, వరసకు పన్నెండు గూళ్లు. మేతగది దానికి ఈ చివర, పొడి నిల్వ ఉంచే కొట్టు ఆ చివర. రోజూ తెల్లవారగానే కొట్టు దగ్గర ఒక ప్లాస్టిక్ డ్రమ్ములో ఆనాటి పొడి నింపి, చిన్న చక్రాల బండి మీద పెట్టి, మూడు వసారాలు దాటించి, ఒక వాలు ఎక్కించి మేతగదికి తోసుకురావాలి. వసారాల్లో నేలపలకలు అతుకు అతుకుకీ ఎత్తుపల్లాలు. బండి దారిపొడవునా టకటకా టకటకా దడదడలాడుతుంది. ఆ చప్పుడు వినగానే మొదటి వరస మొదటి గూట్లోంచి ఒక కేక లేస్తుంది.

ఆ కేక అత్తగారిది.

ముద్దక్క అసలు అత్తగారు చనిపోయిన ఏడాదే ఆ ఆడకోతి అక్కడికి వచ్చింది. ముద్ద అందిస్తే వెంటనే తినదు. వాసన చూస్తుంది. పక్కన పెడుతుంది. ముద్దక్కను నెత్తినుంచి పాదాలదాకా ఒకసారి చూస్తుంది. ‘ఇదీ ఒక వంటేనా’ అన్నట్టు మొహం తిప్పుకుని, అప్పుడు ఏదో దయతలిచినట్టు తింటుంది. మొదటిరోజు ఆ చూపు చూసి ముద్దక్క, “పోయావనుకున్నానే, ఇక్కడికి బదిలీ అయ్యావా అత్తయ్యా?” అంది. పేరు అదే నిలిచిపోయింది. తర్వాత దానికి పుట్టిన ఇద్దరు కూతుళ్లూ సహజంగానే ఆడపడుచులయ్యారు. తల్లి పక్క గూళ్లలోనే ఉండి, తల్లి కేక వెయ్యగానే అందుకుంటారు.

ఈ సంగతి చెబుతున్నప్పుడు మరిది మొహంలోకి చూసింది వదిన. పోయిన అత్తగారు అతనికి సొంత తల్లి. అయినా నవ్వు ఆపుకోలేకపోయాడు. పోలిక అంత సరిగ్గా ఉంది.

“నవ్వు, నవ్వు. నీ కన్నతల్లే కదా, నాకేం,” అని వదిన కాళ్లు చాపుకుని కూర్చుంది. “ఆ ముసల్ది అరిచి గోల చేస్తుందని ముందు దానికే పెట్టేదాన్ని. ముందు మొదటి వరస. తర్వాత రెండు, మూడు. ఆఖర్న నాలుగు. అది వచ్చినప్పట్నుంచీ అంతే. అరిచినవాళ్లకి ముందు వడ్డన, నోరులేనివాళ్లకి అడుగూబొడుగూ. మనుషుల్లో చూళ్లేదా?”

ఆ వడ్డన వరసే తర్వాత అందరి కొంపా తీసింది.

*

పరిశోధనశాలకు ఒక పెద్ద డాక్టరు ఉన్నాడు. రోగులను చూసే డాక్టరు కాదు, జన్యువులు చూసే డాక్టరు. ఆయనకు కోతి అంటే దాని ఛాతీ మీద పచ్చపొడిచిన నంబరు, దాని రక్తమున్న గాజుగొట్టం, అంతే. గూళ్లున్న గదిలోకి ఏడాదికి రెండుసార్లు వచ్చేవాడు. వచ్చినా ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుని, గోడకు రాసుకోకుండా, వానలో బురద దాటుతున్నవాడిలా నడిచేవాడు.

ఆయన వెతుకుతున్నది సెలీనియం సంగతి. మట్టిలోంచి గింజల్లోకి, గింజల్లోంచి ఒంట్లోకి వచ్చే మూలకం అది. చిటికెడులో చిటికెడు ఉంటే చాలు, ఒళ్లు నిలబడుతుంది. లేకపోతే కండ, గుండె నీరసిస్తాయి. మోతాదు మించితే అదే విషం. కాలేయం నుంచి మిగతా ఒంటికంతా దాన్ని రక్తంలో మోసుకెళ్లే ప్రోటీన్ ఒకటుంది. ఆ ప్రోటీన్‌ను ఎలా తయారుచెయ్యాలో చెప్పే జన్యువు మనిషిలోనూ ఉంది, కోతిలోనూ ఉంది. కోతిలో దాని తీరుతెన్నులు తెలుసుకోవాలని పెద్ద డాక్టరు పట్టుదల.

ముద్దక్క ఇదంతా గోడవారన తుడుస్తూ వినీ వినీ తన బుర్రకు తగ్గట్టు మలుచుకుంది.

“ఒంట్లో ఒక కూలీ ఉన్నాడనుకో. కాలేయంలో పుడతాడు. నెత్తిన సెలీనియం గంప పెట్టుకుని, రక్తంలో పడి, బుర్రదాకా మోసుకుపోతాడు. మా అత్తగారి ఒంట్లో, ఆడపడుచుల ఒంట్లో ఆ కూలీలు బాగా తక్కువున్నారట. తల్లికీ తక్కువే, ఇద్దరు కూతుళ్లకీ తక్కువే. ఇంకేముంది, కూలీని పుట్టించే జన్యువే చెడిపోయింది, అది వంశంలో వస్తోంది అన్నాడు పెద్ద డాక్టరు. వెతికితే ఆ ముగ్గురి జన్యువులోనూ ఒకే చోట ఏదో తేడా కనిపించింది కూడా. కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది ఆయనకి! గంపలోకి సరుకే రాకపోతే కూలీలెందుకు పుడతారురా నాయనా అని మాత్రం ఒక్కడికీ తట్టలేదు. అంతంత చదువులు. చంకలో పిల్లనెత్తుకుని ఊరంతా వెతకడం ఎలాగో నేర్పుతారు కాబోలు ఆ చదువుల్లో.”

రెండేళ్లు ఆ మాటే. దూరం నుంచి మనుషులొచ్చారు, వెళ్లారు. పెద్ద డాక్టరు మెడ కొంచెం కొంచెంగా నిటారైంది. నడకలో ఏదో పల్లకీ ఊపు వచ్చింది. చివరికి ఒక సోమవారం మొదటి మూడు గూళ్లకూ పసుపు చీటీలు వేలాడాయి.

పసుపు చీటీ అంటే ముద్దక్కకు ఒకరు చెప్పక్కర్లేదు. గురువారం పొద్దున మేత పెట్టకూడదు. మత్తుమందిచ్చి కోతగదికి తీసుకెళతారు. కాలేయం తీసి చూస్తే గాని ఆ జన్యువు అక్కడ ఎలా పనిచేస్తోందో తెలియదు. కాలేయం తీశాక గూడు కడిగి, ఎండబెట్టి, కొత్త కోతికి సిద్ధం చెయ్యాలి. ఇరవై తొమ్మిదేళ్లలో ఆవిడ అలా చాలా గూళ్లు కడిగింది. ఏ రోజూ ఎవరితోనూ ఒక్క మాట అనలేదు. మర్నాడు మామూలుగానే ముద్ద పిసికింది.

*

ఆ సోమవారం మధ్యాహ్నమే ఆవిడ ఆ పటం చూసింది.

పెద్ద డాక్టరు గది బయట, వసారా గోడకు కొత్తగా ఒక పెద్ద కాగితం అంటించారు. చూడవచ్చేవాళ్ల కోసం. నలభై ఎనిమిది కోతుల నంబర్లు, ఒక్కోదాని పక్కన రక్తంలో ఆ ప్రోటీన్ ఎంతుందో చూపే ఒక గీత. అన్నిటికన్నా పొట్టి గీత పైన, పొడుగు గీత కింద. ముద్దక్కకు అక్షరాలు అంతంతమాత్రమే గాని అంకెలు బాగా వచ్చు. తుడుపుకర్ర గోడకు ఆనించి, ఊసుపోక పైనుంచి చదవడం మొదలుపెట్టింది.

మొదటి నంబరు అత్తగారిది. తర్వాత ఆడపడుచులవి. ఆ తర్వాతది నాలుగో గూట్లో ఉండే చెవి తెగినది. ఆ తర్వాత అయిదో గూటిది. ఇంకా కిందికి వెళితే రెండో వరస మొదలైంది. అక్కడక్కడ ఒకటీ అరా అటూ ఇటూ ఉన్నా, మూడో వరస దాని కింద ఉంది. పటం అడుగున, పొడుగాటి గీతలన్నీ నాలుగో వరసవి.

ఆవిడ పొద్దుటి నడక ఆ కాగితం మీద ఉంది. ఏ గూటి ముందు ఎప్పుడు ఆగిందో, అదే వరసలో.

పెద్ద డాక్టరుకు అది కనిపించే అవకాశం లేదు. ఆయనకు తెలిసింది ఛాతీ మీది నంబరే గాని ఏ నంబరు ఏ గూట్లో ఉందో తెలియదు. పైగా అరుచుకోకుండా ఉంటాయని తల్లీపిల్లలను ఒకే వరసలో పక్కపక్కన పెట్టడం అక్కడి ఆనవాయితీ. కాబట్టి ఆయనకు అదంతా వంశవృక్షంలా కనిపించింది. గూటి నంబరూ, ఛాతీ నంబరూ రెండూ తెలిసిన మనిషి ఆ కట్టడంలో ఒక్కతే. ఆ ఒక్కతీ ఇప్పుడు తుడుపుకర్ర ఎక్కడ పెట్టిందో మరిచిపోయి నిలబడి ఉంది.

 మర్నాటిదాకా ఆగలేక కొట్టుకు పోయి, డ్రమ్ము నింపి, బండి మీద పెట్టి, మూడు వసారాలూ తోసుకొచ్చి, మేతగది తలుపు వేసుకుంది. పైనుంచి ఒక గరిటెడు పొడి తీసి తెల్లకాగితం మీద పోసింది. చెయ్యి భుజందాకా దింపి అడుగునుంచి ఇంకో గరిటెడు తీసి పక్కన పోసింది. పైది లేత గోధుమరంగులో బరగ్గా ఉంది. అడుగుది నలుపెక్కి, చేతికి సన్నగా మెత్తగా తగిలింది. ఆ సన్నటి నల్లపొడే ఖనిజాల మిశ్రమం. సెలీనియం ఉండేది అందులోనే. బండి దడదడకు సన్నపొడి సందుల్లోంచి జారి అడుక్కి పోతోంది. పైపొడితో మొదటి వరసకు ముద్దలు, అడుగుపొడితో నాలుగో వరసకు ముద్దలు.

ఇలా అవుతుందనే, మేతగది గోడకు ఒక కాగితం అంటించి ఉంది: ముద్ద కలిపే ముందు పొడుగు తెడ్డుతో డ్రమ్ము అడుగుదాకా కలియబెట్టవలెను. తెడ్డు కూడా మేకుకు వేలాడుతూనే ఉంది. దాని మీద దుమ్ము ఉంది.

మరిది కలం ఆగింది. వదిన అతని వంక చూడకుండా చెప్పుకుపోయింది.

“నాలుగేళ్ల కిందట భుజం జారింది నాకు. గుర్తుందా, నువ్వే కదా ఆసుపత్రికి తీసుకెళ్లావ్. అప్పట్నుంచి ఆ తెడ్డు తిప్పితే ప్రాణం పోయేది. ఇవాళొక్కరోజే వదిలేద్దాం అనుకున్నాను. మర్నాడూ అలాగే అనుకున్నాను. ‘కలియబెట్టాను’ అని రోజూ సంతకం పెట్టాలి పుస్తకంలో. పెట్టాను. నాలుగేళ్లు, ఒక్కరోజు మానకుండా. ఆ పని మాత్రం శ్రద్ధగా చేశాను, చూడు.”

*

మంగళవారం భోజనాల దగ్గర మొగుడికి చెప్పింది. ఆయన అదే పరిశోధనశాలలో ముప్పై ఏళ్లు లిఫ్టు నడిపి విరమించిన మనిషి. ఉంటున్న రెండు గదులూ సంస్థ ఆవిడ పేరున ఇచ్చినవి.  ఉద్యోగం ఇంకా పద్నాలుగు నెలలుంది. ఆ తర్వాత కూడా మర్యాదగా విరమించినవాళ్లకే ఇల్లు ఉంచుతారు. తొలగించినవాళ్లు నెలలో ఖాళీ చెయ్యాలి.

“నీకేమన్నా పిచ్చా?” అన్నాడు ఆయన, ముద్ద నోటిదాకా తెచ్చి ఆపి. “ఎవరికి తెలుసు? నీకు తెలుసు, ఆ తెడ్డుకి తెలుసు. అది చెప్పదు. నువ్వూ చెప్పకు. రేపట్నుంచి బాగా కలియబెట్టు. అయిపోయె.”

“గురువారం మూడు కోతులు పోతాయి.”

“ఇన్నాళ్లూ పోలేదా? ఎప్పుడూ లేనిది ఇప్పుడేంటి? నీ అత్తగారని పేరు పెట్టుకున్నంత మాత్రాన అత్తగారవుతుందా అది?”

“అసలు అత్తగారైతే ఆలోచించేదాన్నేమో.”

“వేళాకోళం కాదే! ముసలితనంలో సామాను రోడ్డు మీద పెట్టుకుని కూర్చుందామా?”

ఆవిడ కంచం ఎత్తి పక్కన పెట్టింది. “పోవాల్సినవి పోయాయి. నేనే గూడు కడిగాను. ఏదో తెలుసుకోవాలనుకున్నారు, కోశారు, తెలుసుకున్నారో లేదో వాళ్లకే తెలియాలి. కానీ వీటి కాలేయం కోసి ఏం చూస్తారు? నా బద్ధకం చూస్తారు. దానికి జన్యువని పేరు పెడతారు. నా సంతకం పెట్టిన అబద్ధానికి ఆ మూడూ చావడం నాకు ఇష్టంలేదు. అంతే.”

“అంతేనట! ఎవరైనా వింటే నవ్వుతారు.”

“నువ్వు ముప్పై ఏళ్లు పైకీ కిందికీ తిరిగావు. ఒక్కరోజైనా ఎక్కడికైనా వెళ్లావా? నీకేం తెలుస్తుంది,” అంది ముద్దక్క.

ఆయన చెయ్యి కడుక్కుని మంచమెక్కాడు. ఆవిడ గిన్నెలు కడిగింది. రెండు గదుల్లోనూ ఉన్న ప్రతి వస్తువూ ఒకసారి కళ్లతో తడిమింది. పెద్ద బీరువా ఆ గుమ్మంలోంచి బయటికి రాదు. లోపల పెట్టి తలుపు తర్వాత బిగించారు.

*

బుధవారం పొద్దున్నే, ముద్దలు పెట్టడం అయ్యాక, పెద్ద డాక్టరు గది తలుపు తట్టింది. ఇరవై తొమ్మిదేళ్లలో ఆ తలుపు తట్టడం అదే మొదలు. ఆయన తల ఎత్తలేదు.

“బయట తుడిచేస్తే చాలు ముద్దక్కా, లోపల తర్వాత.”

“తుడవడానికి రాలేదండీ. మీ పటం తప్పని చెప్పడానికొచ్చాను.”

ఆయన కళ్లజోడు తీశాడు. ఆ తీయడంలో ఎంత ఓర్పు ఉందంటే, ముద్దక్కకు ఒళ్లు మండిపోయింది. పసిపిల్లలకూ, పనివాళ్లకూ ఆయన ఆ ఓర్పునే వాడతాడు.

“చూడు ముద్దక్కా, ఆ కోతంటే నీకు అభిమానం, నాకు తెలుసు. కానీ ఇది జన్యువుకు సంబంధించిన సంగతి. నీకు అర్థమయ్యేలా చెప్పాలంటే...”

“నాకు అర్థమయ్యేలా నేను చెప్పుకున్నాను. మీకు అర్థమయ్యేలా చెబుదామనే వచ్చాను,” అంది. తెచ్చిన రెండు కాగితపు పొట్లాలు ఆయన బల్ల మీద విప్పింది. లేతది, నల్లది. డ్రమ్ము, బండి, వసారా, తెడ్డు, సంతకం, ఏదీ దాచకుండా చెప్పింది.

ఆయన వింటున్నట్టే ఉన్నాడు గాని లోపలికి పోవడంలేదు. పొడి వంక చూసి చిరునవ్వు నవ్వాడు. “కొంచెం తేడా ఉండొచ్చు. కానీ రక్తంలో ఇంత తేడా రావాలంటే నాలుగో వరసవాటికి ఈపాటికి విషం ఎక్కి ఉండాలి. అర్థమైందా? అవి బాగానే ఉన్నాయిగా.”

“బాగానే ఉన్నాయని ఎవరు చెప్పారండీ?”

“పశువుల డాక్టరు చెప్పాడు. ఏదో చర్మరోగం తప్ప...”

“చర్మరోగం! మూడేళ్లుగా స్నానాలు చేయిస్తున్నాడు మందునీళ్లతో. కోతిపుండు బ్రహ్మరాక్షసి అన్నట్టు, ఆయన ముట్టుకున్నకొద్దీ పెరిగింది. వీపుల మీద వెంట్రుక లేదు. గోళ్లు పెంకుల్లా విరిగిపోతున్నాయి. ఇంకో సంగతి చెప్పనా? వాటి నోళ్లు వెల్లుల్లి వాసన వేస్తాయి.”

పెద్ద డాక్టరు చిరునవ్వు అక్కడే ఆగిపోయింది.

“ఏ వాసన?”

“వెల్లుల్లి. నాలుగో వరసలో అన్నిటికీ. మూడో వరసలో కొన్నిటికి. వాటికి వెల్లుల్లి ఎవరూ పెట్టరు. గూడు కడిగేటప్పుడు మొహం మీదికొచ్చి ఊపిరి వదులుతాయి, నాకు తెలీదా?”

ఆయన కుర్చీలోంచి లేచాడు. మళ్లీ కూర్చున్నాడు. వెంట్రుకలు రాలడం, గోళ్లు విరగడం, ఊపిరిలో వెల్లుల్లి వాసన: సెలీనియం మోతాదు మించితే వచ్చేవి అవేనని ఆయన పుస్తకాల్లో చదువుకున్నాడు, ఇతరులకు పాఠం కూడా చెప్పాడు. వాసన చూసేంత దగ్గరికి మాత్రం ఎన్నడూ పోలేదు.

“ఎప్పట్నుంచి ఈ వాసన?”

“మూడేళ్లు దాటింది.”

“మరి ఎందుకు చెప్పలేదు?”

“పశువుల డాక్టరుగారికి చెప్పాను. ‘నువ్వే తినొచ్చుంటావ్’ అన్నాడు. మీకు చెబుదామంటే, మీరు ముక్కుకి గుడ్డ కట్టుకుని ఉంటారాయె.”

ఆయన రెండు పొట్లాలూ దగ్గరికి లాక్కుని చూశాడు. తర్వాత, ఎదుటి మనిషి కొత్తగా కనిపించినట్టు, “ఈ మాట బయటికొస్తే నీ ఉద్యోగం పోతుంది, తెలుసా?” అన్నాడు.

“తెలిసే వచ్చాను. మీ రెండేళ్ల పని కూడా పోతుంది. మీకు తెలుసా?”

తెలుసు. అందుకే ఆయన ఆ పొద్దంతా గది తలుపు తియ్యలేదు. సాయంత్రం పసుపు చీటీలు ఉన్నచోటే ఉన్నాయి. గురువారం పొద్దున ముద్దక్క బండి తోసుకొస్తుంటే మొదటి గూట్లోంచి కేక లేచింది. మేత పెట్టకూడని రోజు. ఆవిడ గూటి ముందు నిలబడింది. ముద్ద పెడితే మత్తుమందు ఇవ్వలేరు, ఒక్కరోజైనా ఆగుతుంది అనుకుంది. ముద్ద చేతిలోకి తీసుకుంది కూడా. అప్పుడు చూస్తే చీటీ లేదు. చీటీ కట్టిన దారం మాత్రం ఊచకు వేలాడుతోంది. తెల్లవారకముందే ఆయన స్వయంగా వచ్చి మూడూ తెంపుకుపోయాడని కాపలాదారు చెప్పాడు. ముక్కుకు గుడ్డ లేకుండా వచ్చాడట. నాలుగో వరస దాకా వెళ్లి, ఒక్కో గూటి దగ్గరా వంగి వాసన చూశాడట. ఒకటి మొహం మీద ఉమ్మిందట.

“ఆ ఉమ్మిందెవరో తెలిస్తే ఒక ముద్ద ఎక్కువ పెట్టేదాన్ని,” అంది ముద్దక్క.

*

పొడి కలిపే యంత్రం వచ్చింది. డ్రమ్మును అదే తిప్పుతుంది, అదే బోర్లిస్తుంది. ఎనిమిది వారాలు అందరికీ సమానమైన ముద్ద పెట్టి మళ్లీ రక్తం తీశారు. అత్తగారి గీత, ఆడపడుచుల గీతలు మిగతావాటి పక్కకు వచ్చి నిలబడ్డాయి. జన్యువులో కనిపించిన ఆ తేడా రెండో వరసలోనూ, మూడో వరసలోనూ ఇంకొన్నిటికి ఉందని అప్పుడు వెతికితే తేలింది. దానివల్ల ఎవరికీ ఏమీ కాలేదు. ఆరునెలలకు నాలుగో వరస వీపుల మీద నూగు మొలిచింది. పశువుల డాక్టరు తన స్నానాలు ఆలస్యంగానైనా పనిచేశాయన్నాడు.

విచారణ జరిగింది. ముగ్గురు పెద్దమనుషులు బల్లకు అటువైపు కూర్చుని, నాలుగేళ్ల సంతకాల పుస్తకాలు తిరగేసి, మనిషి జాతి నమ్మకం మీద నడుస్తుందని ముద్దక్కకు బోధించారు. భుజం సంగతి ఎవరూ అడగలేదు. ఆవిడా చెప్పలేదు. తనంతట తాను చెప్పింది కాబట్టి తొలగించడంలేదన్నారు. ఇల్లు మిగిలింది. మేతగది మాత్రం పోయింది. ఇకమీదట కోతుల కట్టడంలోకి అడుగుపెట్టకూడదు, విరమించేదాకా గాజుసామాను కడిగే గదిలో పని. ఆఖరిరోజు వీడ్కోలు చెబుదామని మొదటి గూటి దగ్గరికి వెళితే, అత్తగారు ఊచల్లోంచి చెయ్యి బయటపెట్టి, ముద్దక్క చెవి పట్టుకుని, కమ్మీకి తల తగిలేలా లాగింది.

“కృతజ్ఞత! ఆ ముక్క కూడా రాశావా ఏంటి? కొట్టెయ్,” అంది వదిన. తల మీద బొప్పికట్టిన చోటు మాత్రం ఓసారి నెమ్మదిగా తడుముకుంది. “ఇప్పుడు ముద్దలు పెట్టేదెవరో నాకు తెలీదు. యంత్రమే పెడుతుందేమో. గాజుగొట్టాలు కడుగుతుంటే గోడవతల కేక వినిపిస్తుంది. ఇంకా అంత గొంతుంది ముసల్దానికి. అంతే నాకు తెలిసింది.”

లోపలికి వెళ్లి, నాలుగు మడతలు పెట్టిన కాగితాలు తెచ్చి మరిది ఒళ్లో పడేసింది. కడుగుడుగది బల్ల మీద ఎవరో మర్చిపోయిన ప్రతి. పెద్ద డాక్టరు రాసింది, ఇంకా అచ్చుకు వెళ్లలేదు.

“చదువు. గీత పెట్టిన చోట.”

మరిది నెమ్మదిగా చదివాడు. సొంతంగా నేర్చుకున్న చదువు కాబట్టి తప్పులు పోకుండా, పదం పదం పట్టుకుని. “‘రవాణాలో కుదుపుల వల్ల మేతపొడిలో ఖనిజాలు అడుక్కి చేరాయని, ఆ కారణంగానే రక్తంలో ఈ ప్రోటీన్ వంశపారంపర్యంగా తగ్గినట్టు భ్రమ కలిగిందని మేము కనుక్కున్నాం.’”

“మేమంటే?”

“పెద్ద డాక్టరు, ఇంకో అయిదుగురు. పశువుల డాక్టరు పేరు కూడా ఉంది.”

“వెల్లుల్లి?”

“ఉంది. ‘జాగ్రత్తగా పరిశీలించగా ఊపిరిలో వెల్లుల్లి వాసన గుర్తించాం’ అని.”

వదిన పెద్దగా నవ్వింది. లోపల మంచం మీద ఉన్న అన్నగారు ఏమైందని కేకేశాడు. “ఏమీ లేదు, పడుకో,” అని ఇటు తిరిగింది. “ఇప్పుడు మేత డ్రమ్ముల మీద ఊరూరా ఉపన్యాసాలిస్తున్నాడట. జన్యువు పోతే డ్రమ్ము దొరికింది. ఏ ఎండకా గొడుగు పట్టేవాడికి తడవడమంటే ఏంటో ఎప్పటికీ తెలీదు. పోనీ. కనుక్కున్నది వాళ్లే అనుకోనీ. కానీ కుదుపుల వల్లట! కుదుపులు ముందునుంచీ ఉన్నాయి. కలియబెట్టినన్నాళ్లూ ఏమీ కాలేదు. నేను మానేశాకే అయింది. నా తప్పుని కూడా నాకు ఉంచలేదు చూడు, బండి మీదికి తోసేశారు. రేపు ఇంకోచోట, భుజం నొప్పితో ఇంకో ఆవిడ ఇది చదివించుకుంటే ఏమనుకుంటుంది? నేల బాగుచేస్తే చాలనుకుంటుంది.”

మరిది ఏదో అనబోయాడు. ఆవిడ అతని చేతిలోంచి నోటుపుస్తకం లాగి మూసి, కాగితాలు దాని మీద పెట్టి ఇచ్చింది.

“లే. చెప్పులేసుకో. సెలవైనా పన్నెండుదాకా గదిలోనే ఉంటాడు పెద్ద డాక్టరు. నన్ను ఆ వైపు రానివ్వరు, నిన్ను రానిస్తారు. గడియారం చూడ్డానికొచ్చానను. ఆయన దగ్గరికెళ్లి ఇందులో రెండు ముక్కలు వెయ్యమని అడుగు. మేత కలిపే మనిషి నాలుగేళ్లు కలియబెట్టకుండా కలియబెట్టినట్టు సంతకం పెట్టిందని ఒకటి. ఆ సంగతి పట్టుకుని వచ్చి చెప్పింది కూడా ఆ మనిషేనని ఒకటి. రెండూ వేస్తే సంతోషం. రెండోది ఒక్కటే వేస్తానంటే వద్దని చెప్పు, గట్టిగా చెప్పు. మొదటిది ఒక్కటే వేస్తానంటే మాత్రం...” గోరులేని చిటికెనవేలు పైటంచుకు తుడుచుకుంది. “వెయ్యమను. పో, టైమవుతోంది.”